కంప్యూటర్‌లో విమానం నడిపే పిల్లల గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో విజయవాడ నుంచి ఒక తండ్రి గారు రాసింది చదివాను. ఇంటర్ చదివే కొడుకు రాత్రి పదిన్నరకి హెడ్‌సెట్ తగిలించుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటాడని, ఎవరితోనో ఇంగ్లీషులో అంకెలు చెబుతుంటాడని, ఏంట్రా అంటే విమానం నడుపుతున్నా నాన్నా అంటాడని రాశారు. ఇది ఆటల పిచ్చో, ఎవరైనా మాయ చేస్తున్నారో తెలియక భయంగా ఉందన్నారు. పైగా యాభై వేలు పెట్టి ఏవో పరికరాలు కొనమని గొడవ చేస్తున్నాడట. ఆయన టెన్షన్ నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే మా అక్క కూడా ఇలాంటి సంగతికే నాకు ఫోన్ చేసి ఏడ్చింది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను, చోటు చాలకపోతే రెండు వారాలుగా వేయండి గానీ కత్తిరించకండి.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. పాలిటెక్నిక్ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. నాలుగేళ్ళుగా నేను కూడా ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడుపుతున్నాను.

ముందు ఆ తండ్రి గారి భయం సంగతి. మీ అబ్బాయి మాట్లాడేది ఎవరో మోసగాళ్ళతో కాదండీ. ప్రపంచమంతటా ఇలా ఇళ్ళలో కూర్చుని విమానాలు నడిపేవాళ్ళు, వాళ్ళకి కంట్రోల్ టవర్‌లాగా దారి చూపించేవాళ్ళు కలిసే నెట్‌వర్క్‌లు ఉన్నాయి. పెద్దవి రెండు, ఒకటి 1998లో మొదలైన ఐవావో, ఇంకొకటి 2001లో మొదలైన వాట్‌సిమ్. రెండూ ఉచితం. కంట్రోలర్లుగా కూర్చునేవాళ్ళకి జీతాలుండవు, వాళ్ళు కూడా నెలల తరబడి నేర్చుకుని పరీక్షలు రాసి ఆ కుర్చీలోకి వస్తారు. మీ అబ్బాయి హైదరాబాద్ నుంచి చెన్నై వెళ్తుంటే అదే సమయంలో ఇంకెక్కడో ఇంకొకాయన అదే దారిలో వెళ్తుంటాడు, ఇద్దరూ ఒకరి తెరమీద ఒకరు కనిపిస్తారు, ఇద్దరితో మాట్లాడే కంట్రోలరు ఒక్కరే ఉంటారు. అంకెలు చెప్పేది అందుకే. ఎత్తు, దిశ, గాలి పీడనం, రన్‌వే నంబరు, అన్నీ అంకెలే.

ఆట కాదా అంటే, ఆటలాగే మొదలవుతుంది, కాదనను. కానీ నేల మీద కూర్చుని విమానం నేర్పడం పిల్లల ఆటగా పుట్టలేదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన 1929లో మొదటి ట్రైనర్ తయారు చేశారు, వాళ్ళ నాన్నగారికి ఆర్గన్ వాయిద్యాల ఫ్యాక్టరీ ఉండేది, అందులోని గాలి తిత్తులూ పంపులూ వాడి ఆ ట్రైనర్ పెట్టె విమానంలాగా ఊగేట్టు చేశారు. 1934లో అమెరికా సైన్యం వాటిని కొన్నది, ఎందుకంటే మబ్బుల్లో బయటేమీ కనపడక పైలట్లు చనిపోతున్నారు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఫ్లైట్ సిమ్యులేటర్ మొదటిది వచ్చింది 1982లో. అంటే ఇది నిన్నా మొన్నా పుట్టిన మోజు కాదు.

ఇప్పుడు మా మేనల్లుడి సంగతి చెప్తాను, ఎందుకంటే చాలామంది పిల్లలు చేసే తప్పు వాడు కూడా చేశాడు. వాళ్ళు విజయవాడ పటమటలో ఉంటారు. వాడు మొదలుపెట్టడమే ఎయిర్‌బస్ ఏ320 అనే పెద్ద ప్రయాణికుల విమానంతో మొదలుపెట్టాడు. వీడియోలు చూసి ఏ స్విచ్ ఎక్కడుందో బట్టీపట్టాడు, టేకాఫ్ అవగానే ఆటోపైలట్ నొక్కేవాడు, దిగేదీ ఆటోపైలటే. వారం రోజులకే నాకంతా వచ్చేసింది మామయ్యా అని ఫోన్ చేశాడు. ఒక శనివారం సాయంత్రం, చాలామంది ఆన్‌లైన్‌లో ఉన్న సమయంలో, హైదరాబాద్‌లో నేరుగా రన్‌వే మీద విమానం పెట్టి నెట్‌వర్క్‌కి కనెక్ట్ అయ్యాడు. అది రూల్ ప్రకారం చేయకూడని పని, పార్కింగ్ స్టాండ్ దగ్గరే కనెక్ట్ అవ్వాలి. అప్పటికే ఒక విమానం ల్యాండింగ్‌కి వస్తోంది. కంట్రోలరు పిలిచారు, వీడికి తన కాల్‌సైన్, అంటే రేడియోలో తన విమానం పేరు, పిలుస్తున్నారని కూడా తెలియలేదు. మళ్ళీ పిలిచారు. వచ్చే విమానాన్ని దిగకుండా మళ్ళీ పైకి పంపేశారు. చివరికి నెట్‌వర్క్ సూపర్‌వైజర్ మర్యాదగానే మెసేజ్ పెట్టి వీణ్ణి డిస్‌కనెక్ట్ చేశారు. తిట్టలేదు, ఇవి చదువుకుని మళ్ళీ రా అని లింకులు ఇచ్చారు. కానీ వాడు లాప్‌టాప్ మూసేసి పది రోజులు ముట్టుకోలేదు. అన్నం కూడా సరిగ్గా తినలేదని మా అక్క ఏడ్చింది అప్పుడే.

నేను బస్సెక్కి వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాను. ఎయిర్‌బస్ తీసేయరా, సెస్నా పెట్టు అన్నాను. చిన్న విమానమా, నవ్వుతారు మామయ్యా అన్నాడు. మా కాలంలో అద్దె సైకిల్ తెచ్చుకుని, సీటు అందక, ఫ్రేములోంచి కాలు దూర్చి తొక్కి, స్కూలు గ్రౌండులో పదిసార్లు పడి, ఆ తర్వాత కదా రోడ్డెక్కింది! సెస్నా 172 ఆ గ్రౌండు లాంటిది. నాలుగు సీట్లు, ఒక ఇంజన్, నువ్వేం చేస్తే అది వెంటనే చూపిస్తుంది, నీ తప్పుని ఏ కంప్యూటరూ దాచిపెట్టదు.

గన్నవరంలోనే మొదలుపెట్టించాను. మన ఊరి విమానాశ్రయం, పేరు కోడ్‌లో వీఓబీజెడ్ అని ఉంటుంది. నెల రోజులు ఒక్కటే పని, సర్క్యూట్లు. రన్‌వే మీద పరుగెత్తి 55 నాట్ల వేగం (విమానాల స్పీడుని నాట్లలో కొలుస్తారు) దగ్గర ముక్కు లేపడం, వెయ్యి అడుగులు ఎక్కడం, ఎడమకి తిరగడం, రన్‌వేకి సమాంతరంగా వెనక్కి రావడం, మళ్ళీ రెండు మలుపులు తిరిగి ఎదురుగా రన్‌వే పెట్టుకుని 65 నాట్లతో దిగడం. ఒక రౌండుకి ఏడెనిమిది నిమిషాలు. ఇందులో అన్నీ ఉన్నాయి. దిగేటప్పుడు స్పీడుని ముక్కుతోను, కిందికి జారే వేగాన్ని ఇంజన్‌తోను పట్టుకోవాలని ఎన్ని వీడియోలు చూసినా ఒంటబట్టదు, ముప్పైసార్లు దిగితే చేతికే తెలుస్తుంది. విమానం ముక్కు ఎటూ జారకుండా నిలబెట్టడానికి ట్రిమ్ అనే చిన్న చక్రం ఉంటుంది, దాన్ని వాడటం వస్తే జాయ్‌స్టిక్‌ని రెండు వేళ్ళతో పట్టుకోవచ్చు, రాకపోతే గంట నడిపేసరికి మణికట్టు నొప్పి పుడుతుంది. రన్‌వే మొదట్లోకి చూస్తూ దిగితే నేలకి కొట్టుకుంటావు, చివరి కొస వైపు చూడాలి. ఈ ఒక్క ముక్క వాడికి అర్థమవడానికి నాలుగు రోజులు పట్టింది, అర్థమైన రోజు వాడి మొహం చూడాలి మీరు!

గాలి సంగతి కూడా మన ఊరి నుంచే నేర్పాను. గన్నవరం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది, ఒక కొస పేరు 08, రెండో కొస 26, అంటే దిక్సూచి మీద దాదాపు 80 డిగ్రీలు, 260 డిగ్రీలు. విమానం వీలైనంతవరకు ఎదురుగాలికి దిగాలి. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలి కొడుతుంది కాబట్టి ఎక్కువగా తూర్పు నుంచి వచ్చి 26 మీద దిగుతారు, చలికాలంలో ఈశాన్య గాలికి విజయవాడ వైపు నుంచి 08 మీదకి వస్తారు. ఆ తండ్రి గారు సాయంత్రం మేడ మీదకెక్కి చూస్తే ఈ రోజు గాలి ఎటుందో విమానాలే చెబుతాయి. ఎండ సంగతి ఇంకా ముఖ్యం. సిమ్యులేటర్‌లో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు పెట్టి సెస్నాని ఎగరేయమనండి, మన ఎండకి గాలి ఎంత పలచబడుతుందంటే నేలమీదే మూడున్నర వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఇంజనూ రెక్కలూ నీరసపడతాయి, పరుగు పొడవవుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో సాంద్రత పాఠం వాడికి అప్పటిదాకా మార్కుల కోసం చదివే పాఠమే.

ఇక డబ్బు. యాభై వేలు అక్కర్లేదు, దయచేసి ఇప్పుడే కొనకండి. ఫ్లైట్‌గేర్ అని ఒక ప్రోగ్రాం ఉంది, 1997 నుంచి స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లు తయారు చేస్తున్నారు, పూర్తిగా ఉచితం, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది, అందులో సెస్నా ఉంటుంది. బొమ్మలు అంత అందంగా ఉండవు గానీ సర్క్యూట్లు నేర్చుకోవడానికి అది బ్రహ్మాండంగా సరిపోతుంది. తర్వాత ఎక్స్‌ప్లేన్ 12 డెమో ఉచితంగా దింపుకుని చూడొచ్చు. రెక్క మీదా ప్రొపెల్లర్ మీదా గాలి ఎలా పనిచేస్తుందో ముక్కలు ముక్కలుగా లెక్కకట్టి విమానాన్ని నడిపించే పద్ధతి దానిది, నాకు అదే ఎక్కువ ఇష్టం. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020లో మళ్ళీ కొత్తగా వచ్చింది, 2024లో ఇంకొకటి వచ్చింది, ఉపగ్రహ చిత్రాలతో మన కృష్ణా నది మన కాలవలు నిజంగా కిందున్నట్టే కనిపిస్తాయి. కానీ 2024దానికి కనీసం 16 జీబీ ర్యామ్ ఉండాలి, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి, భూమి బొమ్మలన్నీ ఇంటర్నెట్ నుంచే వస్తుంటాయి కాబట్టి నెట్ కూడా గట్టిగా ఉండాలి. ఉన్న కంప్యూటర్ దానికి చాలదని కొత్తది కొనే ముందు ఆర్నెల్లు ఫ్లైట్‌గేర్ మీద నిలబడతాడో లేదో చూడండి.

ఒకటి మాత్రం కొనివ్వండి, మెలితిప్పితే రడ్డర్ (ముక్కుని ఎడమకీ కుడికీ తిప్పే తోక పలక) పనిచేసే మామూలు జాయ్‌స్టిక్. మా వాడికి సెకండ్ హ్యాండ్‌ది 2,200కి దొరికింది. కీబోర్డుతో నేర్చుకుంటే చెయ్యి పాడవుతుంది, అది నా గట్టి అభిప్రాయం. హెడ్‌సెట్‌కి ఫోన్‌తో వచ్చిన మైకున్న ఇయర్‌ఫోన్ చాలు. క్రాక్ చేసిన విమానాలని ఉచితంగా దొరికేవి మాత్రం ముట్టుకోవద్దనండి, వాటితో వైరస్‌లు వస్తాయి, పైగా ఎవరి కష్టాన్నో దొంగిలించడం అది. కరెంటు పోతే పాడవకుండా చిన్న యూపీఎస్ ఉంటే మంచిది, అది ఎలాగూ చదువుకీ పనికొస్తుంది.

అన్నిటికంటే నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది రేడియో గురించి. ఆన్‌లైన్‌కి వెళ్ళే ముందు వినడం నేర్చుకోవాలి. వాట్‌సిమ్‌లో విమానం లేకుండా అబ్జర్వర్‌గా, అంటే వినడానికి మాత్రమే, కనెక్ట్ అయ్యే వీలుంది. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ ఉన్నవాళ్ళు వీపైలట్, ఎక్స్‌ప్లేన్ ఉన్నవాళ్ళు ఎక్స్‌పైలట్ అనే ఉచిత ప్రోగ్రాంతో కనెక్ట్ అవుతారు. చేరడానికి 13 ఏళ్ళు నిండాలి, చేరేటప్పుడు చిన్న పాఠం చదివి ప్రశ్నలకి జవాబులు రాయాలి. మా వాడు ఆ పాఠాన్ని గబగబా నొక్కుకుంటూ పోయాడు, అందుకే ఆ శనివారం అలా జరిగింది. రెండోసారి నేను ఇద్దరం కలిసి చదివేట్టు చేశాను, తర్వాత మూడు వారాలు రాత్రిపూట ఒక గంట కేవలం విన్నాం. నోట్‌బుక్ పెట్టుకుని కంట్రోలరు చెప్పింది రాసుకునేవాడు, ఆ పైలట్ ఏం జవాబు చెప్పాడో పక్కన రాసుకునేవాడు. మొదటి వారం సగం కూడా అందలేదు. మూడో వారానికి పైలట్ కంటే ముందే మా వాడు గదిలో జవాబు చెప్పేస్తున్నాడు.

చూస్తే ఆ భాష చాలా చిన్నది. ఎవరిని పిలుస్తున్నావు, నువ్వెవరు, ఎక్కడున్నావు, ఏం కావాలి, ఈ నాలుగూ ఈ వరసలో చెప్పాలి. కంట్రోలరు చెప్పిన ఎత్తు, దిశ, రన్‌వే, పీడనం తిరిగి అప్పజెప్పాలి, దాన్నే రీడ్‌బ్యాక్ అంటారు. తొమ్మిదిని నైనర్ అనాలి, అక్షరాలని ఆల్ఫా, బ్రావో, చార్లీ అని చెప్పాలి, మన దేశంలో విమానాల రిజిస్ట్రేషన్ విక్టర్ టాంగోతో మొదలవుతుంది. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషంటే నోరు విప్పని పిల్లలకి ఇది ఎంత ధైర్యమిస్తుందో నేను కళ్ళారా చూశాను. ఇక్కడ ఇంగ్లీషు గొప్పగా మాట్లాడనక్కర్లేదు, తక్కువ మాటల్లో స్పష్టంగా చెప్పాలి, అర్థం కాకపోతే సే అగైన్ అనాలి. సే అగైన్ అంటే ఎవరూ చిన్నచూపు చూడరు. నాకు కొత్త, నెమ్మదిగా చెప్పండి అన్నా సరే, నాకు తగిలిన కంట్రోలర్లందరూ నెమ్మదిగానే చెప్పారు.

ఈ రీడ్‌బ్యాక్ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 1996 నవంబరు 12న హర్యానాలో చర్ఖీ దాద్రీ దగ్గర ఆకాశంలో రెండు విమానాలు గుద్దుకుని 349 మంది పోయారు. ఢిల్లీ నుంచి బయల్దేరిన సౌదీ విమానాన్ని 14,000 అడుగుల దగ్గర ఉండమన్నారు, ఎదురుగా వస్తున్న కజకిస్తాన్ విమానాన్ని 15,000 దగ్గర ఆగమన్నారు, అది ఆ ఎత్తు దాటి కిందికి దిగిపోయింది. ఇంగ్లీషులో చెప్పిన అంకెలు ఆ సిబ్బందికి సరిగ్గా అందకపోవడం కూడా అందులో ఒక కారణం. మా వాడికి ఇది చెప్పిన రోజు నుంచి రీడ్‌బ్యాక్‌లో ఒక్క అంకె అనుమానంగా ఉన్నా మళ్ళీ అడుగుతున్నాడు. ఇంట్లో కుర్చీలో కూర్చుని ఎవరూ చనిపోరు, నిజమే. కానీ తెర అవతల ఇంకొక మనిషి తన సాయంత్రాన్ని దీనికోసం ఇచ్చి కూర్చున్నాడని వాడికి తెలిసింది.

మన దేశం మీద రోజూ కంట్రోలర్లు ఉండరు. లేనప్పుడు 122.800 అనే ఫ్రీక్వెన్సీలో తానే ఏం చేయబోతున్నాడో ప్రకటించుకుంటూ పోవాలి. కొత్తవాళ్ళకి అదే నయం, గన్నవరంలో ఎవరూ లేనప్పుడు కనెక్ట్ అయ్యి నాలుగు రౌండ్లు కొట్టి రావచ్చు. చార్టుల కోసం, అంటే విమానాశ్రయాల పటాల కోసం, డబ్బు పెట్టనక్కర్లేదు, మన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వెబ్‌సైట్‌లో మన విమానాశ్రయాల చార్టులు అందరికీ ఉచితంగా ఉన్నాయి. ఫ్లైట్ ప్లాన్ తయారు చేయడానికి సిమ్‌బ్రీఫ్ ఉంది, అదీ ఉచితమే. పెద్ద విమానాలకి వెళ్ళినప్పుడు పనికొచ్చే లెక్కలు కూడా నోటి లెక్కలే, వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్ళు (అయిదున్నర కిలోమీటర్లు) పడుతుంది, నాట్లలో ఉన్న స్పీడుని అయిదుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో వస్తుంది. 120 నాట్లకి 600 అడుగులు. మా వాడు కూరగాయల మార్కెట్‌లో కూడా ఇప్పుడు లెక్క త్వరగా వేస్తున్నాడు, అది మా అక్క మాట.

ఇంకొక సంగతి, ఇది మాత్రం కోపంగానే రాస్తున్నాను. మా వాడికి ఆసక్తి ఉందని తెలిసి ఒక శిక్షణ సంస్థవాళ్ళు, పేరు రాయను, మా బావగారికి ఫోన్ చేశారు. మా దగ్గర కంప్యూటర్ సిమ్యులేటర్ మీద చేసిన గంటలు పైలట్ లైసెన్సుకి లెక్కలోకి వస్తాయి, నలభై వేలు కట్టండి అన్నారు. బావగారు కట్టేశారు. వెళ్ళి చూస్తే ఒక మామూలు కంప్యూటర్, ఒక జాయ్‌స్టిక్, మా ఇంట్లో ఉన్నదే. డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఇలాంటి మామూలు కంప్యూటర్ మీద చేసిన గంటలు, ఇంట్లోవైనా ఇంకెక్కడివైనా, లైసెన్సుకి ఒక్కటి కూడా లెక్కలోకి రావు. దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఆమోదించిన సిమ్యులేటర్ల సంగతి వేరు, అవి ఆమోదం ఉన్న శిక్షణ సంస్థల్లో ఉంటాయి. కమర్షియల్ పైలట్ లైసెన్సుకి 200 గంటల ఫ్లయింగ్ కావాలి, నావిగేషన్, వాతావరణం, రెగ్యులేషన్స్ లాంటి పరీక్షలు రాయాలి. ఎవరికైనా ఒక్క రూపాయి కట్టే ముందు క్లాస్ టూ మెడికల్ అనే ఆరోగ్య పరీక్ష చేయించుకోవాలి, అందులో ఫెయిలైతే మిగతా ఖర్చంతా దండగే. ఎడిటర్ గారూ, మీ చదువుల పేజీలో ఈ తేడా ఒక్కసారి వివరంగా రాయించండి. మన జిల్లాల్లో పొలం అమ్మి పిల్లల్ని పైలట్ చేయాలనుకునే తల్లిదండ్రులు ఉన్నారు, వాళ్ళకి ఇది తెలియాలి.

ఆ తండ్రి గారికి చివరిగా ఒక్క మాట. రాత్రి పదిన్నర అనేది మార్చండి, అందులో మీరే రైటు, పరీక్షలు ఉన్నప్పుడు ఆదివారం ఒక్కరోజే చాలు. కానీ ఆపేయకండి. ఈ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మా మేనల్లుడూ నేనూ, వాడు పటమటలో నేను బ్రాడీపేటలో, రెండు సెస్నాల్లో గన్నవరం నుంచి బయల్దేరి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణని పట్టుకుని నది వెంబడే పైకి, అమరావతి మీదుగా, పులిచింతల దాటి నాగార్జునసాగర్ దాకా వెళ్ళి డ్యాం చుట్టూ ఒక రౌండు కొట్టి వెనక్కి వస్తాం. పోను రాను రెండు గంటలు. జీపీఎస్ పెట్టం, నది చూసుకుంటూ పోవడమే. మీ అబ్బాయిని అదే టైముకి వాట్‌సిమ్‌లో గన్నవరంలో పార్కింగ్ దగ్గర కనెక్ట్ అవ్వమనండి, 122.800లో పిలిస్తే పలుకుతాం. మీరు కూడా పక్కన కుర్చీ వేసుకుని ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల మ్యాపు ఒళ్ళో పెట్టుకోండి. ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషన్ వస్తుంది, అది దాటాక నది ఎటు తిరుగుతుందో ముందుగా చెప్పాల్సింది మీరే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు